తుంపర కప్ప

ఆఫ్రికా ఖండానికి తూర్పు అంచున, హిందూమహాసముద్ర తీరంలో టాంజానియా దేశం ఉంది. ఆ పేరు వినగానే సింహాలు, ఏనుగులు, జిరాఫీలు తిరుగాడే సెరెంగెటి గడ్డిమైదానాలు, మంచు కప్పుకున్న కిలిమంజారో శిఖరం గుర్తుకు వస్తాయి. యాత్రికులు చూసివచ్చేవీ, చలనచిత్రాలలో కనిపించేవీ అవే. ఆ దేశపు దక్షిణ భాగంలో ఉన్న ఉడ్జుంగ్వా పర్వతాల మీదికి వారి దృష్టి అంతగా పోదు. ఆ పర్వతాలలో ఒక నది, ఆ నది మీద ఒక జలపాతం, ఆ జలపాతం చెంత ఐదెకరాల చిత్తడినేల, ఆ నేలలో బొటనవేలి కణుపంత పసుపువన్నె కప్ప ఉండేవి. ఈ నాలుగింటిలో మొదటిదాన్ని మనిషి పక్కకు మళ్ళించగానే తక్కిన మూడింటికీ ఏమి జరిగిందో తెలుసుకోవడమే ఈ పాఠ్యాంశం ఉద్దేశం.

ఉడ్జుంగ్వా పర్వతాలు 'తూర్పు చాపపు పర్వతాలు' అనే శ్రేణిలోనివి. కెన్యా దక్షిణపు కొస నుండి టాంజానియా నడిమి వరకు విల్లువలె వంగి ఉండటంచేత వాటికి ఆ పేరు వచ్చింది. ఇవి మిక్కిలి పురాతనమైన పర్వతాలు. హిందూమహాసముద్రం మీదినుండి వీచే తేమగాలులు వీటిని తాకి వర్షిస్తాయి. అందువల్ల చుట్టుపక్కల ఆఫ్రికా నేలలు ఎండి గడ్డిమైదానాలుగా మారిన యుగాలలో కూడ ఈ కొండల మీది అడవులు పచ్చగానే నిలిచాయి. సముద్రంలో దీవులున్నట్లుగా పొడి మైదానాల నడుమ ఇవి తడి అడవుల దీవులు. ఒక కొండమీది ప్రాణికి పక్క కొండమీదికి పోయే దారి లేదు. దిగువనున్న వేడినేల దానికి సముద్రంతో సమానం. అట్లా లక్షలాది సంవత్సరాలు వేరువేరుగా బ్రతికిన కారణంగా ఒక్కొక్క కొండలో, ఒక్కొక్క లోయలో ప్రపంచంలో మరెక్కడా కనిపించని జాతులు రూపొందాయి. ఇండ్లలో కుండీలలో పెంచుకొనే ఆఫ్రికన్ వయొలెట్ అనే ఊదారంగు పూలమొక్క పుట్టినిల్లు కూడ ఈ ప్రాంతపు కొండలే.

ఈ పర్వతాల తూర్పు అంచున కిహాన్సి నది పీఠభూమి మీదినుండి మైదానంలోకి దిగుతుంది. దిగుతుంది అనడం కంటె దూకుతుంది అనడం సముచితం. నాలుగు కిలోమీటర్ల దూరంలోనే అది సుమారు 850 మీటర్ల ఎత్తు కోల్పోతుంది. కొండను కోసుకొని నది పారే ఇరుకుదారిని తెలుగులో గండి అంటారు. పెన్నానది చీల్చిన కొండల అంచున కట్టిన కోటకు గండికోట అని పేరు వచ్చింది అందువల్లనే. కిహాన్సి గండి అటువంటిదే, అయితే మరింత నిటారైనది, దట్టమైన అడవితో కప్పబడినది. గండి పైభాగంలో నది దాదాపు 100 మీటర్ల ఎత్తునుండి ఒక్కసారిగా రాతిమీద పడేది. ఆ తరువాత కూడ చిన్నచిన్న జలపాతాలుగా విరుగుతూ కిందికి సాగేది.

నీరు అంత ఎత్తునుండి పడినప్పుడు కొంత భాగం నీరుగా మిగలదు, పొడిపొడి అయి గాలిలో కలుస్తుంది. వర్షాకాలంలో శ్రీశైలం ఆనకట్ట గేట్లు ఎత్తినప్పుడు చూడబోయినవారికి ఇది అనుభవమే. నీరు పడే చోటికి ఎంతో దూరంలో నిలిచినా ముఖం తడుస్తుంది, కళ్ళద్దాలు మసకబారుతాయి. శ్రీశైలంలో ఆ దృశ్యం సంవత్సరంలో కొన్ని రోజులు మాత్రమే. కిహాన్సిలో అది ఏడాది పొడవునా, పగలూ రాత్రీ, వేలాది సంవత్సరాలుగా సాగింది. పడే నీటి వేగానికి పుట్టిన గాలి ఆ తుంపరను పక్కనున్న వాలు మీదికి నిరంతరం విసిరేది. సూర్యుడు ఎంత కాసినా అక్కడి నేల ఎండేది కాదు. వేసవిలో కొండమీది అడవి వాడిపోయినా అక్కడ ఉష్ణోగ్రతలో పెద్ద మార్పు ఉండేది కాదు.

అటువంటి చోట పెద్ద చెట్లు నిలదొక్కుకోలేవు. నేలను, రాళ్ళను నాచుమొక్కలు, పొట్టి గడ్డి, వృక్షశాస్త్ర విద్యార్థులకు పరిచయమున్న సెలాజినెల్లా మొక్కలు తివాచీవలె కప్పుకొనేవి. తడిసి ముద్దయిన ఆ తివాచీ మందం ఒక్కొక్కచోట మనిషి అరచేతిని ముంచేటంతగా ఉండేది. గండి పొడవునా తుంపర సోకే తావులన్నీ కలిపితే సుమారు రెండు హెక్టార్లు, అనగా ఐదెకరాలు. తెలుగునాట ప్రభుత్వ లెక్కల ప్రకారం చిన్నకారు రైతు అనిపించుకోవడానికి ఉండవలసిన గరిష్ఠ విస్తీర్ణం అంతే. ఆ ఐదెకరాలే ఒక జాతికి సర్వప్రపంచం.

ఆ జాతి పేరు కిహాన్సి తుంపర కప్ప. శాస్త్రీయనామం నెక్టోఫ్రైనాయిడిస్ ఆస్పెర్జినిస్. ఆస్పెర్జినిస్ అనే మాటకు లాటిన్ భాషలో 'తుంపరకు చెందినది' అని అర్థం. వర్షాకాలపు రాత్రి మన పెరట్లో దీపం కింద పురుగుల కోసం కాచుకొని కూర్చునే గోదురుకప్పల కుటుంబంలోనిదే ఇది. కాని ఆ చుట్టరికాన్ని దీని రూపం చూసి ఎవరూ ఊహించలేరు. ఆడకప్ప పొడవు మూడు సెంటీమీటర్ల లోపు. మగది రెండు సెంటీమీటర్లు కూడ ఉండదు, రూపాయి బిళ్ళ మీద సుఖంగా కూర్చోగలదు. శరీరం ఆవపిండిని గుర్తుచేసే పసుపురంగు, పక్కలకు గోధుమవన్నె చార. పొట్టమీది చర్మం ఎంత పలుచన అంటే గర్భంతో ఉన్న ఆడకప్ప కడుపులోని పిల్లలు బయటికి మసకగా కనిపిస్తాయి. ఆ చిన్న నేలలో అవి కిక్కిరిసి ఉండేవి. కొన్నిచోట్ల చదరపు మీటరుకు పదికి మించిన కప్పలు ఉండేవని పరిశోధకులు గుర్తించారు. నాచు పొరలలో దొరికే అతి సూక్ష్మమైన కీటకాలే వాటి ఆహారం.

ఇంత ఇరుకైన చోటుకు ఈ కప్ప ఎందుకు కట్టుబడింది, పక్క అడవిలోకి ఎందుకు విస్తరించలేదు అనే ప్రశ్న సహజంగా కలుగుతుంది. దానికి సమాధానం కప్ప చర్మంలో ఉంది. పాముకు, బల్లికి ఉన్నట్లు కప్పకు పొలుసులు లేవు. దాని చర్మం నీటిని లోపలికీ బయటికీ పోనిస్తుంది. కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. శ్వాసక్రియలో కొంత భాగం కూడ చర్మం ద్వారానే జరుగుతుంది. అందుకు చర్మం తడిగా ఉండటం అవసరం. ఏ కప్పకైనా ఇదే సూత్రం. అయితే ప్రాణి ఎంత చిన్నదైతే దాని బరువుతో పోల్చినప్పుడు చర్మపు వైశాల్యం అంత ఎక్కువ. నిండు బిందెలోని నీరు ఒక పగటి ఎండకు ఎంతో తగ్గదు. అదే ఎండకు పళ్ళెంలో పోసిన చెంబెడు నీరు ఇగిరిపోతుంది. పెరటి గోదురుకప్ప బిందె వంటిది, వేసవిలో మట్టిలో దూరి నెలల తరబడి కాలం గడపగలదు. తుంపర కప్ప పళ్ళెం వంటిది. జలపాతం గాలి సోకే హద్దు దాటితే దానికి ఎడారి మొదలైనట్లే.

దాని సంతానోత్పత్తి మరింత విచిత్రమైనది. కప్పలు నీటిలో గ్రుడ్లు పెడతాయనీ, వాటినుండి తోకకప్పలు వెలువడి క్రమంగా కాళ్ళు మొలిచి, తోక హరించి, కప్పలవుతాయనీ చిన్న తరగతులలోనే చదువుకుంటాం. అందుకు నిలకడగా ఉండే నీరు కావాలి. కిహాన్సి గండిలో తడికి కొదవ లేకపోయినా నిలిచే నీరు అరుదు. అక్కడ గ్రుడ్లు పెడితే క్షణంలో ప్రవాహం పాలవుతాయి. తుంపర కప్ప ఆ ప్రమాదాన్ని తప్పించుకొన్న తీరు అపూర్వం. దానిలో ఫలదీకరణం తల్లి శరీరంలోపలే జరుగుతుంది. పిండాలు అండవాహికలోనే ఉండి, గ్రుడ్డులోని పచ్చసొనతో పోషణ పొంది, రూపవిక్రియ అంతా లోపలే ముగించుకొని, నాలుగు కాళ్ళతో పూర్తి కప్పపిల్లలుగా జన్మిస్తాయి. కప్పలలో ఏడువేలకు పైగా జాతులుండగా ఇట్లా పిల్లలను కనేవి వ్రేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే. పుట్టిన పిల్ల పొడవు అయిదు మిల్లీమీటర్లు, ఒక బియ్యపుగింజ కంటె చిన్నది. ఒక కాన్పుకు అయిదు మొదలు పదహారు పిల్లల దాకా పుడతాయి. చెరువు కప్ప వేల గ్రుడ్లు పెట్టి వాటిలో ఏ పదో పరకో దక్కితే చాలునన్నట్లు విడిచిపెడుతుంది. తుంపర కప్పది తద్విరుద్ధమైన పద్ధతి. కొద్దిమందినే కని, కడుపులోనే పెంచి, సిద్ధంచేసి పంపుతుంది. పరిసరాలు మారనంతకాలం అది గొప్ప ఉపాయం. పరిసరాలు హఠాత్తుగా మారితే, నష్టాన్ని పూడ్చుకోవడానికి ఆ పది పదిహేను పిల్లలు చాలవు.

ఇంతటి విశేషమైన ప్రాణి 1996 వరకు శాస్త్రలోకానికి తెలియదు. తెలిసిన సందర్భం విచారకరమైనది. టాంజానియా ప్రభుత్వం ప్రపంచబ్యాంకు, కొన్ని ఐరోపా దేశాల ఆర్థికసహాయంతో కిహాన్సి నదిపై 180 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రాన్ని తలపెట్టింది. నిర్మాణం మొదలైన తరువాత గండిలో ఏ ఏ ప్రాణులున్నాయో చూడటానికి జీవశాస్త్రజ్ఞులు దిగారు. వారికి జలపాతం పక్కన, నాచు మీద ఈ పసుపు కప్పలు వేల సంఖ్యలో కనిపించాయి. 1990 దశకం ఆరంభంలో జరిపిన పర్యావరణ ప్రభావ మదింపు తుంపర సోకే ఆ నేలలను పట్టించుకోలేదు. పోయింటన్, హోవెల్, క్లార్క్, లొవెట్ అనే శాస్త్రజ్ఞులు ఈ జాతికి పేరుపెట్టి వర్ణించేనాటికి 1990 దశకం ముగింపుకు వచ్చింది. అప్పటికి ఆనకట్ట, సొరంగం దాదాపు పూర్తి కావచ్చాయి. పరిశీలన ముందు, నిర్మాణం తరువాత అనే క్రమం ఇక్కడ తలక్రిందులైంది. ఆ తరువాత జరిగిన అనర్థంలో సగానికి పైగా ఈ తలక్రిందుల నుండి పుట్టిందే.

అట్లని ఆ ఆనకట్టను కట్టినవారిని దోషులుగా నిలబెట్టడం న్యాయం కాదు. అప్పటి టాంజానియాలో గ్రామాలలో అత్యధిక భాగానికి విద్యుత్తు లేదు. నగరాలలో కూడ కోతలు నిత్యకృత్యం. చీకట్లో ప్రసవాలు జరిగే ఆసుపత్రులు, కిరోసిన్ బుడ్డి ముందు చదువుకొనే పిల్లలు ఉన్న దేశం అది. బొగ్గు కాల్చకుండా, ఎక్కువ భూమిని ముంచకుండా విద్యుత్తు ఇచ్చే పథకం అటువంటి దేశానికి వరమే. కిహాన్సి ఆనకట్ట ఎత్తు 25 మీటర్లే. వేలాది కుటుంబాలను నిర్వాసితులను చేసిన మహా జలాశయాలతో దాన్ని పోల్చకూడదు. ఇంజనీర్ల దృష్టిలో అది అందమైన పథకం కూడ. జలపాతానికి ఎగువన నీటిని పట్టి, కొండలో తొలిచిన సొరంగం గుండా నిలువునా దింపి, భూగర్భంలో ఉన్న విద్యుద్గృహంలో టర్బైన్లను త్రిప్పించి, గండి దాటిన తరువాత మళ్ళీ నదిలో కలుపుతారు. 850 మీటర్ల పతనం ఇచ్చే శక్తి వృథాకాకుండా చేతికి వస్తుంది. జలపాతంగా పడినప్పుడు ఆ శక్తి రాళ్ళ మీద చిట్లి, తుంపరగా చెదరి, వ్యర్థమవుతోందని లెక్క. కాని అక్కడ వ్యర్థమనేది ఏదీ లేదు. ఇంజనీరు లెక్కలో నష్టంగా వ్రాసుకొన్న ఆ తుంపరే కప్ప లెక్కలో జీవనాధారం.

1999 చివర, 2000 సంవత్సరపు తొలినాళ్ళలో నదిని సొరంగంలోకి మళ్ళించారు. సెకనుకు సగటున 16 ఘనపుమీటర్లు ప్రవహించే నదిలో దాదాపు పదింట తొమ్మిది వంతుల నీరు గండికి రాకుండా పోయింది. జలపాతం సన్నని ధారగా మారింది. హోరు తగ్గింది, గాలి ఆగింది, తుంపర లేచే మాట అటుంచి రాళ్ళు పైకి తేలాయి. నాచు తివాచీ అంచులనుండి ఎండుతూ వచ్చింది. అంతవరకు ఆ తడిలో కాలుపెట్టలేని అడవిమొక్కలు, కలుపుమొక్కలు లోపలికి పాకాయి. వాటితోపాటు తడినేలలకు రాని వేటచీమల దండులు కూడ వచ్చాయి. పొడవాటి వరుసలుగా కదులుతూ దారిలోని చిరుప్రాణులన్నిటినీ చీల్చి తినే ఆఫ్రికా చీమలవి. కప్పలు మిగిలిన కొద్దిపాటి తడి చుట్టూ గుమిగూడాయి.

ప్రమాదం అర్థంకాగానే రెండు ప్రయత్నాలు మొదలయ్యాయి. మొదటిది జలపాతాన్ని అనుకరించడం. తెలుగునాట వేరుశనగ చేలకు తుంపర సేద్యం చేసే పరికరాలవంటివే, అంతకంటె సన్నని రంధ్రాలు గలవి, గండిలో అమర్చారు. ఎగువనున్న వాగుల నీటిని గొట్టాలద్వారా దించి, మోటార్లు లేకుండా, ఎత్తునుండి పడే ఒత్తిడితోనే తుంపర చిమ్మే ఏర్పాటు అది. ఐదెకరాలలో కొంతభాగానికే అది అందింది. అయినా ఫలితం కనిపించింది. తడిసిన మేర నాచు మళ్ళీ చిగిర్చింది, కప్పల సంఖ్య పెరిగింది. 2003 జూన్‌లో జరిపిన లెక్కింపులో గండిలో సుమారు 20,000 కప్పలున్నట్లు అంచనా వేశారు. కొన్ని గొట్టాలు ఒక నది చేసే పనిని చేయగలవని ఆనాడు నమ్మకం కలిగింది.

రెండవ ప్రయత్నం ముందుజాగ్రత్తకు సంబంధించినది. 2000 నవంబర్‌లో టాంజానియా ప్రభుత్వ అనుమతితో 499 కప్పలను పట్టి విమానంలో అమెరికాలోని న్యూయార్క్ నగరానికి తరలించారు. అక్కడి బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలతోపాటు మరికొన్ని కేంద్రాలు వాటిని పంచుకొన్నాయి. ఊరు మునిగిపోతుందేమోనని విత్తనాలను మూటగట్టి ఎత్తయిన చోట దాచడంవంటి పని అది.

2003 మధ్యలో ఇరవైవేలుగా ఉన్న కప్పలు ఆ సంవత్సరం ముగిసేలోగా కరగిపోయాయి. 2004 జనవరిలో గండి అంతా వెదికిన పరిశోధకులకు మూడు కప్పలు కనిపించాయి, మరి రెండు మగకప్పల కూత వినిపించింది. అంతే. 2005 తరువాత ఎవరికీ ఒక్క కప్ప కూడ కనిపించలేదు.

ఈ ఆరు నెలల్లో ఏమి జరిగింది? దీనిపై శాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించుకొన్నారు. ఆ కాలంలో మూడు సంఘటనలు ఒకదానివెంట ఒకటి వచ్చాయి. వేసవిలో తుంపర గొట్టాలు సరిగా పనిచేయలేదు. ఆనకట్టలో పేరుకొన్న ఒండ్రును కడిగివేయడానికి గేట్లు తెరిచినప్పుడు, ఎగువ పొలాలలో వాడిన పురుగుమందుల అవశేషాలతో కూడిన బురదనీరు గండిలోకి వచ్చింది. అన్నిటికంటె ముఖ్యంగా, చనిపోయిన కప్పల చర్మంలో కైట్రిడ్ అనే శిలీంధ్రం బయటపడింది. ప్రపంచమంతటా ఉభయచరాలను ఊడ్చిపెట్టిన వ్యాధికి ఈ శిలీంధ్రమే కారణం. ఇది కప్ప చర్మంలో పెరిగి దాన్ని మందంగా చేస్తుంది. చర్మంద్వారా జరగవలసిన లవణాల రాకపోకలు దెబ్బతిని, రక్తంలో సోడియం, పొటాషియం తగ్గి, చివరకు గుండె ఆగిపోతుంది. చర్మంతో నీరు త్రాగి, చర్మంతో ఊపిరిపీల్చే ప్రాణికి ఇంతకంటె క్రూరమైన వ్యాధి ఉండదు.

శిలీంధ్రమే చంపిందంటే ఆనకట్టకు సంబంధం లేదని కొందరు చెప్పవచ్చు. అది తొందరపాటు నిర్ణయం. నెలల తరబడి ఉపవాసమున్న మనిషికి జ్వరం వచ్చి మరణిస్తే, జ్వరాన్ని మాత్రమే కారణంగా చెప్పడం పూర్తి సత్యం కాదు. ఆ కప్పలకు అప్పటికే ఇల్లు తరిగింది, తడి తరిగింది, మిగిలిన కొద్దిచోటులో రద్దీ పెరిగింది. ఒకదానికొకటి ఆనుకొని బ్రతికే గుంపులో అంటువ్యాధి ఎంత వేగంగా పాకుతుందో చెప్పనక్కరలేదు. నది పారుతున్న రోజులలోనే ఆ శిలీంధ్రం వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. గండిలో ఉన్న మరికొన్ని కప్పజాతులు మాత్రం ఆ వ్యాధిని తట్టుకొని నిలిచాయి.

ఇక సముద్రాలు దాటిన 499 కప్పల సంగతి. వాటి పరిస్థితి కూడ మొదట ఆశాజనకంగా లేదు. వాటిని పెంచిన అనుభవం ప్రపంచంలో ఎవరికీ లేదు. ఊపిరితిత్తులలో పురుగులు, పోషణలోపం, శిలీంధ్రం ఒకదాని తరువాత ఒకటి వాటిని తగ్గించుకొంటూ వచ్చాయి. అన్ని కేంద్రాలలోనూ కలిపి సంఖ్య 70 లోపుకు పడిపోయిన రోజులున్నాయి. చివరకు బ్రాంక్స్‌లోనూ, ఒహాయో రాష్ట్రంలోని టొలీడో జంతుప్రదర్శనశాలలోనూ మాత్రమే అవి మిగిలాయి. అక్కడి పాలకులు తమ పొరపాట్ల నుండే పాఠాలు నేర్చుకొన్నారు. గాజుపెట్టెలలో నిర్ణీత వేళలకు సన్నని తుంపర చిమ్మే యంత్రాలు పెట్టారు. మామూలు కుళాయి నీరు పనికిరాదని శుద్ధిచేసిన నీటిని వాడారు. ఎముకలు గట్టిపడటానికి సూర్యరశ్మికి బదులుగా అతినీలలోహిత కిరణాల దీపాలు అమర్చారు. బియ్యపుగింజంత కప్పపిల్ల నోటిలో పట్టే ఆహారం అంగడిలో దొరకదు కనుక, స్ప్రింగ్‌టెయిల్స్ అనే అతిచిన్న కీటకాలను, పండ్ల ఈగలను, చిమ్మటల పసిపిల్లలను వారే పెంచవలసివచ్చింది. కప్పల పెంపకమంటే నిజానికి పురుగుల పెంపకం అయింది. ఒక గది నుండి మరొక గదికి వ్యాధి పోకుండా ప్రతి గదికి వేరే పాదరక్షలు, చేతితొడుగులు ఉండేవి. మెల్లమెల్లగా పిల్లలు పుట్టాయి, దక్కాయి. డెబ్బది లోపు నుండి సంఖ్య వేలకు చేరింది.

2009లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ కప్పను 'వన్యస్థితిలో అంతరించిన జాతి'గా ప్రకటించింది. ఈ మాటకు అర్థం జాగ్రత్తగా గ్రహించాలి. జాతి బ్రతికే ఉంది, కాని తన నేలమీద లేదు. జలపాతపు గాలిలో పుట్టిన ప్రాణి పన్నెండువేల కిలోమీటర్ల దూరంలో, గాజుగోడల మధ్య, గడియారం ప్రకారం వచ్చే తుంపరలో బ్రతుకుతోంది.

2010 ఆగస్టులో బ్రాంక్స్, టొలీడో కేంద్రాలనుండి 100 కప్పలు స్వదేశానికి తిరిగివచ్చాయి. దారెస్సలాం విశ్వవిద్యాలయంలో వాటికోసం ప్రత్యేక నివాసం సిద్ధంచేసి, అందులో పనిచేయడానికి టాంజానియా యువకులకు శిక్షణ ఇచ్చారు. అయితే వాటిని వెంటనే గండిలో విడవలేదు. గండినుండి తెచ్చిన మట్టి, మొక్కల మధ్య కొన్ని కప్పలను ఉంచి అక్కడి నేల వాటికి పడుతుందో లేదో పరీక్షించారు. తరువాత గండిలోనే వలగూళ్ళలో కొన్నిటిని ఉంచి చూశారు. 2012లో వేలకు వేలు మైళ్ళు ప్రయాణించి వచ్చిన రెండువేలకు పైగా కప్పలను కిహాన్సి తుంపర నేలలలో విడిచిపెట్టారు. వన్యస్థితిలో అంతరించిందని ప్రకటించిన ఒక ఉభయచరాన్ని మళ్ళీ దాని సొంత నేలకు చేర్చడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ తరువాతి సంవత్సరాలలో మరికొన్ని విడతలు విడిచిపెట్టారు.

విడిచిపెట్టడం వేరు, నిలదొక్కుకోవడం వేరు. మనిషి సహాయం లేకుండా తరతరాలుగా పిల్లలను కంటూ ఆ జాతి గండిలో కొనసాగుతోందని రుజువైతే తప్ప పరిరక్షణ సంఘం దాని వర్గాన్ని మార్చదు. 2015 నాటి మదింపులో కూడ దాన్ని వన్యస్థితిలో అంతరించిన జాతిగానే ఉంచింది. అందువల్ల జంతుప్రదర్శనశాలలలోని సంతతిని వదలక పెంచుతూనే వచ్చారు. అడవిలో ప్రవేశించిన శిలీంధ్రాన్ని అక్కడినుండి పూర్తిగా తొలగించడం ఎంత కష్టమో అందరికీ తెలుసు.

ఆనకట్టను తొలగించే ఆలోచన ఎవరికీ లేదు, ఆ దేశపు అవసరాలు తెలిసినవారు దాన్ని కోరనూలేరు. ఒక ఒడంబడిక మాత్రం కుదిరింది. సెకనుకు ఒకటిన్నర నుండి రెండు ఘనపుమీటర్ల నీటిని గండికోసం ఎప్పుడూ వదలాలని నిర్ణయించారు. విద్యుత్తుగా మార్చగల నీటిని ఒక కప్ప కోసం విడిచిపెట్టడం పేద దేశానికి చిన్న త్యాగం కాదు. అయినా ఆ నీరు మునుపటి నదిలో ఎనిమిదో వంతు మాత్రమే, పూర్వపు తుంపరను అది లేపలేదు. తక్కిన తడిని గొట్టాలు ఇవ్వవలసిందే. ఆ గొట్టాల రంధ్రాలు సూదిమొన వంటివి. వాగునీటిలో కొట్టుకువచ్చిన ఇసుకరేణువో, కుళ్ళిన ఆకు ముక్కో అడ్డుపడితే దాని కింది నాచు ఎండనారంభిస్తుంది. అందువల్ల గండిలోకి నిటారుగా దిగే కాలిబాట మొదట్లో పాదరక్షలను మందునీటిలో కడుక్కొని, ఒక్కొక్క రంధ్రాన్ని పరీక్షిస్తూ, మూసుకుపోయినదాన్ని శుభ్రంచేస్తూ పోయే పని ఏ వేసవిలోనూ తప్పదు.